పనివాని త్రాగుడులో యజమాని వంతు

మద్యమును తాను ముట్టకుండుట శ్రావకునకు కష్టమైన నియమము కాదు. పుట్టి పెరిగిన ఇంటిలోనే అది అలవడును. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారములో గృహస్థుని అష్ట మూలగుణములను చెప్పునపుడు ఐదు అణువ్రతములతో పాటు మద్య మాంస మధు త్యాగమును చేర్చిరి. సప్త వ్యసనముల లెక్కలోను మద్యపానము కలదు. కావున ఇంటి గడప లోపల ఈ విషయమై చర్చింపవలసినది అంతగా లేదు. చర్చ యంతయు గడప దాటిన తరువాతనే, గిడ్డంగి వాకిట, లారీ ప్రక్కన, దుకాణము వెనుక గదిలో మొదలగును. అచ్చట ఇరువది మంది పని చేయుచున్నచో వారిలో కొందరైనను త్రాగువారై యుందురు. వారి రెక్కల మీదనే ఆ వ్యాపారము నడచుచున్నది. తాను త్రాగని యజమానికి, త్రాగెడి పనివాని యెడల ధర్మమేమి?

ఈ ప్రశ్నకు చాలమంది వర్తకులు వెంటనే చెప్పు సమాధానము ఒకటున్నది. "వాని సంపాదన వాడు త్రాగుచున్నాడు, వాని పాపము వానిది, మనకేమి?" అందురు. వినుటకు ఇది న్యాయముగనే యుండును. కాని జైన శాస్త్రము పాపమును అంత సులువుగా ఒకని ఖాతాలో వ్రాసి పుస్తకము మూసివేయదు. తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానిని మెచ్చుకొనుట అని మూడు పద్దులు వేసి, మూడింటిని చూచును. కృత కారిత అనుమోదనములని వీటి పేర్లు. మొదటి పద్దులో యజమాని పేరు లేదు. రెండవదానిలో లేదని చెప్పుటకు ముందు గిడ్డంగిలో ఒక రాత్రి ఏమి జరుగునో చూడవలెను.

బళ్ళారి ప్రత్తి మార్కెట్టులోనైనను, గంగావతి బియ్యపు మిల్లులలోనైనను, బరంపురము కిరాణా గిడ్డంగులలోనైనను పద్ధతి ఇంచుమించుగా ఒక్కటే. లోడు సాయంత్రము రావలసినది రాత్రి పది గంటలకు వచ్చును. హమాలీ ముఠా అప్పటికే ఇండ్లకు పోయియుండును. లారీ నిలిచినకొలది హాల్టింగు చార్జి పడును. అప్పుడు యజమాని ముఠామేస్త్రిని పిలిపించి "ఎట్లైన దింపించు, పిల్లలకు ఏదో చూతములే" అనును. ఆ "ఏదో" ఏమిటో చెప్పువానికి తెలియును, వినువానికి తెలియును. కూలి రేటు పెంచినచో రేపు పగటికి కూడ అదే అడుగుదురని భయము. సీసా డబ్బులైనచో ఆ రాత్రితో తీరిపోవును. మరునాడు గుమాస్తా చిట్టాలో దానిని "టీ ఖర్చు" అని వ్రాయును. శ్రావకుని పుస్తకములో మద్యము పేరు కనబడదు. కాని ఆ టీ ఏ అంగడిలో కాచినదో ఎల్లరకు తెలిసినదే. ఇది కారితము కాకపోయినచో కారితమనగా మరియేమి?

పనికి బదులు మద్యమిచ్చుట ఈ దేశపు గిడ్డంగులలో పుట్టిన ఆచారము కాదు. దక్షిణాఫ్రికాలో కేప్ ప్రాంతపు ద్రాక్ష తోటలలో కూలీలకు జీతములో కొంత భాగము ద్రాక్షసారాయముగా ఇచ్చెడివారు. దానిని అచ్చట "డాప్" అందురు. చట్టము దానిని నిషేధించిన తరువాత కూడ చాలకాలము సాగినది. ఆ కూలీల కుటుంబములలో తల్లి గర్భముననే మద్యముచే దెబ్బతిన్న బిడ్డల సంఖ్య ప్రపంచములోనే మిక్కిలి ఎక్కువగా నున్నదని వైద్యులు గుర్తించిరి. బ్రిటిషు నౌకాదళములో నావికులకు దినమునకింత రమ్ము అని సర్కారే పోయుచుండెను. 1970 జూలై 31వ తేదీ వరకు అది ఆగలేదు. ఇంగ్లండులో జీతములను సారాయి దుకాణములలో పంచుట ఎంత సామాన్యమయ్యెననగా, దానిని మాన్పుటకు 1883లో ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలసివచ్చెను. తుదకు అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో వేతనముల రక్షణకై చేసిన ఒడంబడికలో ఘాటైన మద్యమును, హానికరమైన మత్తుమందులను ఏ రూపమునను జీతముగా ఈయరాదని వ్రాసినారు. మద్యము అమ్ము చోట జీతములు పంచరాదని కూడ అందులోనే కలదు. ఇన్ని దేశములలో ఇన్ని చట్టములు అవసరమైనవనగా, త్రాగించి పని చేయించుకొను బుద్ధి యజమానులలో ఎంత పాతదో గ్రహించవచ్చును.

రెండవ సంగతి ఇంకను లోతైనది. హమాలీని "ఎందుకు త్రాగుచున్నావు?" అని అడిగినచో వేదాంతము చెప్పడు. ఒళ్ళునొప్పులని చెప్పును. కొందరిది సాకే కావచ్చును. కాని 75 కిలోల బస్తాను వీపుమీద వేసికొని, పలకమీదుగా లారీ ఎక్కి, దినమునకు వంద మారులు దిగువాని వెన్నెముక సంగతి గద్దె మీద కూర్చున్నవానికి తెలియదు. తత్త్వార్థ సూత్రము ఏడవ అధ్యాయములో అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాన నిరోధము. అనగా కట్టివేయుట, కొట్టుట, అవయవములను కోయుట, మోయలేని బరువు మోపుట, తిండి నీళ్ళు ఆపుట. వ్యాఖ్యానములలో ఇవి ఎక్కువగా పశువులకు చెప్పినట్లు తోచును. ఎద్దుమీద అధిక భారము వేయరాదని బండి కట్టిన ప్రతి శ్రావకునకు తెలియును. కాని ఎద్దు సాయంత్రము సారాయి త్రాగదు. మనిషి త్రాగును. ఆ త్రాగుడులో కొంత పాలు పగటి బరువునకు చెందినది. చక్రముల బండి ఒకటి కొనిపెట్టుట, బస్తా తూకమును 50 కిలోలకు తగ్గించుట, మధ్యాహ్నము నీడలో గంట విశ్రాంతి యిచ్చుట ఇవన్నియు మద్యనిషేధ ప్రచారములో లెక్కకు రావు. వచ్చియుండవలసినవి.

ఇంతవరకు కారణములలో యజమాని వంతు. ఇక పనివాడు నిజముగా త్రాగుడునకు బానిసయైన తరువాత సంగతి. ఇచ్చట రెండు మార్గములు వాడుకలో నున్నవి. ఒకటి వెంటనే వెళ్ళగొట్టుట. రెండవది చూచియు చూడనట్లుండుట. విచిత్రమేమనగా ఒకే యజమాని రెండింటిని చేయును. ఊడ్చువాడు త్రాగి వచ్చినచో ఆ దినమే లెక్క తేల్చి పంపును. లెక్కలన్నియు తెలిసిన ముసలి గుమాస్తా మధ్యాహ్నము తరువాత నోటికి వక్కపొడి అడ్డము పెట్టుకొని మాటలాడుచున్నచో "పాపము, పెద్దవాడు" అనును. దొరకుట కష్టమైన డ్రైవరు విషయములోను ఇట్లే. దీనికి కరుణ అని పేరు పెట్టుట తగదు. అవసరము ఉన్నవానిని కాచుట, లేనివానిని త్రోయుట వ్యాపారమే గాని దయ కాదు. నియమము పెట్టినచో ఊడ్చువానికిని, గుమాస్తాకును, యజమాని బావమరిదికిని ఒకటే పెట్టవలెను.

వెళ్ళగొట్టుటను సమర్థించువారు ధర్మమునే ముందుంచుకొందురు. త్రాగువానికి జీతమిచ్చుట అనగా సారాయి దుకాణమునకు డబ్బు పంపుటయే కదా, దానిలో పాలు పంచుకొనుట ఎందుకు, అని వారి వాదము. ఇందులో బలము లేకపోలేదు. కాని పని పోయిన మరునాడు వాడు త్రాగుట మానునా? మానడు. మొదట భార్య చెవి కమ్మలు పోవును, తరువాత పిల్లవాని చదువు పోవును, తరువాత వేరొకని గిడ్డంగిలో తక్కువ కూలికి చేరును. యజమాని చేతులు కడుగుకొన్నాడు, అంతే. అన్నపాన నిరోధము అతిచారమని చెప్పిన శాస్త్రమును పట్టుకొని ఇంటెడు మంది అన్నము తీసివేయుట ఎట్లు కుదురును? త్రాగువానికి ఈ లోకములో ఇంకను మిగిలియున్న గట్టి త్రాడు తరచుగా వాని పనియే. భార్య చెప్పినను విననివాడు, తల్లి ఏడ్చినను మానినవాడు కాడు, "పని పోవును" అన్న మాటకు ఒక్క క్షణము ఆగును. ఆ క్షణమును ఉపయోగించుకొనవలెను గాని త్రాడు తెంపివేయరాదు.

చూచియు చూడనట్లుండుటలోని హాని ఇంకొక విధమైనది. ఇచ్చట బలియగువాడు త్రాగినవాడొక్కడే కాడు. లారీ నడుపువాడు, మిల్లులో బాయిలరు దగ్గరివాడు, ధాన్యమును పైకెత్తు యంత్రము దగ్గరివాడు, ఎత్తైన నిట్టు మీద నిలిచి బస్తాలు అందించువాడు, వీరి చేతులలో ఇతరుల ప్రాణములున్నవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాముల మద్యము మించినచో నేరము. 2019లో చేసిన సవరణ ప్రకారము మొదటి తప్పుకే ఆరు నెలల జైలు గాని, పదివేల రూపాయల జుర్మానా గాని, రెండును గాని వరకు పడవచ్చును. డ్రైవరు త్రాగియున్నాడని తెలిసియు "సరుకు తెల్లవారకముందే చేరవలెను" అని తాళములు చేతికిచ్చిన యజమాని, త్రోవలో ఎవడు చచ్చినను ఆ హింసలో భాగస్వామియే. ఇచ్చట ఒక్కసారి కూడ క్షమకు తావులేదు. పని పోగొట్టవలెనని కాదు, ఆ దినము ఆ బండి దింపివేయవలెను. బాగుపడు వరకు వేరొక పనిలో ఉంచవలెను. ఊపిరి ఊది పరీక్షించు యంత్రమును మిల్లు ద్వారము వద్ద పెట్టువారు ఉన్నారు. ప్రమాదకరమైన పనులకు అది తగినదే. పెట్టినచో యజమాని కుమారుడు కారు తీయునపుడు కూడ ఊదవలెను.

ఇక చికిత్స. త్రాగుడు కేవలము దుర్గుణమా, రోగమా అని చాల వాదములు జరిగినవి. ట్రాటరు అను బ్రిటిషు నౌకాదళ వైద్యుడు 1804లోనే దీనిని మనస్సునకు పట్టిన జబ్బుగా వ్రాసెను. అమెరికా వైద్యసంఘము 1956లో దీనిని వైద్యముతో చూడదగిన వ్యాధిగా అంగీకరించెను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లలో పని చేయు స్థలములకై వెలువరించిన నియమావళిలో మద్యము, మత్తుమందుల సమస్యను ఇతర ఆరోగ్య సమస్యలవలెనే చూడవలెననియు, చికిత్సకు ఒప్పుకొన్నవాని ఉద్యోగమును కాపాడవలెననియు, వాని సంగతి గుప్తముగా ఉంచవలెననియు చెప్పబడినది. కర్మసిద్ధాంతము తెలిసిన పాఠకునకు రోగమన్నంత మాత్రమున వాని బాధ్యత పోవునను శంక రానక్కరలేదు. జ్వరమునకు కూడ కర్మమే కారణమని చెప్పి ఎవరును మందు మానరు గదా.

రోగమని ఒప్పుకొనకపోవుటవలన జరుగు ప్రమాదము ఒకటి ప్రతి వర్తకునకు తెలియవలసియున్నది. మంచి మనసుగల యజమానులే ఇందులో పడుదురు. ఏండ్ల తరబడి ప్రతి దినము త్రాగుచున్నవానిని "నాలుగు దినములు గదిలో పెట్టి తాళము వేసినచో అదే మానును" అని గిడ్డంగిలోనో, ఊరిలో బంధువుల ఇంటనో బంధింతురు. అట్టివాని శరీరము మద్యమునకు అలవాటుపడియుండును. అది ఒక్కసారిగా ఆగినచో మొదటి రెండు దినములలో వణుకు, చెమటలు, మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము లోపల కొందరికి మతి చెడి, లేని పురుగులు పాములు కనబడి, జ్వరము పెరిగి, వైద్యము లేనిచో ప్రాణమే పోవచ్చును. "దయ్యము పట్టినది" అని అప్పుడు భూతవైద్యుని పిలుతురు. ఆ నాలుగు దినములు ఉండవలసినది ఆసుపత్రిలో. అచ్చట ఇచ్చు మందులతో ఈ ఆపద చాలవరకు తప్పును. అతిచారములలో మొట్టమొదటిది బంధమని పైన చెప్పబడినది. మేలు కోరి కట్టినను కట్టు కట్టే.

దీనికి తోబుట్టువు వంటిది ఇంకొకటి. డైసల్ఫిరామ్ అను మాత్ర కలదు. 1948లో కోపెన్‌హాగెన్ నగరపు పరిశోధకులు హాల్డ్, జాకబ్‌సన్ అనువారు దానిని త్రాగుడు మాన్పుటకు ఉపయోగించవచ్చునని లోకమునకు తెలిపిరి. అది తీసికొన్నవాడు మద్యము ముట్టినచో ముఖము కందిపోయి, గుండె దడదడలాడి, వాంతులగును. ఆ భయముతో త్రాగకుండును. వైద్యుడు చూచి, రోగి తెలిసి ఒప్పుకొని తీసికొన్నచో ఉపయోగకరమైనదే. కాని దానిని వానికి తెలియకుండ మజ్జిగలోనో సాంబారులోనో కలుపు ఇల్లాండ్రు ఉన్నారు. గిడ్డంగి భోజనములో కలిపింపజూచు యజమానులును ఉందురు. తెలియనివాడు ఎప్పటివలె త్రాగును. రక్తపు పోటు పడిపోయి గుండె ఆగవచ్చును. మాత్ర ఆపిన తరువాత కూడ రెండు వారముల వరకు ఆ ప్రభావము ఉండవచ్చును. అసత్యముతో చేసిన అహింస ఎంతవరకు పోవునో ఈ ఒక్క మాత్ర చెప్పును. వాడు పనివాడే కావచ్చును, వాని దేహము మీద అధికారము వానిదే.

మరి చేయవలసినది ఏమి? మొదట మాటలాడుట. త్రాగియున్నపుడు కాదు, మరునాడు ఉదయము. నలుగురి యెదుట కాదు, ఒంటరిగా. "నీవు త్రాగుబోతువు" అని కాదు. "ఈ నెలలో ఆరు దినములు రాలేదు, రెండు కాటాలు తప్పు వ్రాసితివి, మంగళవారము నిట్టు మీద తూలితివి" అని పుస్తకములో నున్నది చూపి చెప్పవలెను. వర్తకునకు ఇది చేతనైన విద్యయే. బాకీదారుతో మాటలాడునపుడు వాని తండ్రి తాతలను ఎత్తడు, తేదీ మొత్తము చెప్పును. తరువాత రెండు మార్గములు ముందుంచవలెను. చికిత్సకు పోవుట, పోయివచ్చు వరకు స్థానము ఖాళీగా ఉంచబడును. లేదా ఇదే సాగినచో ఫలానా తేదీకి లెక్క తేల్చబడును. రెండవ మాట చెప్పుటకు చాలమందికి నోరు రాదు. చెప్పకపోవుట దయ కాదు. వానికి తన స్థితి తెలియనీయకుండుటయే.

చికిత్స దొరకు చోట్లు దక్షిణమున కొదువ లేదు. మద్రాసులో 1980లో టి.టి. రంగనాథన్ పేర స్థాపింపబడిన చికిత్సాలయము భర్తను త్రాగుడుతో పోగొట్టుకొన్న శ్రీమతి శాంతి రంగనాథన్ మొదలిడినది. ఆమెకు 1992లో పద్మశ్రీ వచ్చెను. అచ్చట రోగితో పాటు కుటుంబమును కూడ కూర్చుండబెట్టి మాటలాడుదురు. బెంగుళూరు నిమ్హాన్సులో ఇందుకు ప్రత్యేక విభాగమున్నది. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము 1935లో అమెరికాలో పుట్టి 1957లో బొంబాయికి వచ్చెను. మానినవారే మానదలచినవారికి తోడుండుట దాని పద్ధతి, రుసుము లేదు. కేంద్ర ప్రభుత్వపు ఉచిత సహాయ టెలిఫోను 14446. పెద్ద కంపెనీలకు సొంత వైద్యులుందురు. ఐదుగురు పనివారున్న దుకాణమునకు ఎవరుందురు? ఒక ఊరిలోని పది మంది వర్తకులు కలిసినచో ఒక వైద్యునితో ఒప్పందము చేసికొనవచ్చును, ఆసుపత్రి ఖర్చును పంచుకొనవచ్చును. మందిర జీర్ణోద్ధారమునకు చందా వేసికొనుట తెలిసిన సమాజమునకు ఇది క్రొత్త పద్ధతి కాదు.

సమ్యగ్దర్శనమునకు చెప్పిన ఎనిమిది అంగములలో మూడు ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినవి. నిర్విచికిత్స, అనగా దేహపు మాలిన్యమును చూచి ఏవగించుకొనకుండుట. ఉపగూహనము, ఎదుటివాని దోషమును బజారున పెట్టకుండుట. స్థితికరణము, జారినవానిని తిరిగి నిలబెట్టుట. శాస్త్రములో ఇవి ధర్మమార్గమున నున్నవారిని ఉద్దేశించి చెప్పినవే, వేరు మతమువాడైన హమాలీని గూర్చి చెప్పినవి కావని పండితులు అనవచ్చును. అది నిజమే. కాని సాధర్మికునకు చూపిన గుణము గిడ్డంగి వాకిట ఆగిపోవునని ఎచ్చటను వ్రాసియుండలేదు. ఆసుపత్రినుండి వచ్చినవానిని "ఏమిరా, మానినావా ఇంకను లేదా" అని అందరి యెదుట పలుకరించు యజమాని ఉపగూహనమును చెడగొట్టుచున్నాడు. సెలవు ఎందుకు పెట్టెనో తోటివారికి తెలియనక్కరలేదు. బండి నడుపువాని విషయములో మాత్రము గుప్తతకు హద్దు ఉన్నది. అది పైన చెప్పబడినది.

డబ్బు విషయములో కొన్ని చిన్న మార్పులు పెద్ద ఉపదేశములకంటె ఎక్కువ పని చేయును. శనివారము సాయంత్రము చీకటిపడిన తరువాత వారము కూలి చేతికిచ్చినచో అది ఇల్లు చేరుటకు ముందు దాటవలసిన దుకాణములు ఎన్ని? అదే కూలిని వారము మధ్యలో ఒక ఉదయము ఇయ్యవచ్చును, లేక బ్యాంకు ఖాతాలో వేయవచ్చును. కొందరు పనివాని భార్య చేతికే జీతమిత్తురు. వాడు తానై కోరి వ్రాసి యిచ్చినచో మంచిదే. వానినడుగకుండ చేసినచో అది వాని సొత్తును వేరొకరికి ఇచ్చుటయే, అస్తేయ వ్రతమునకు పొసగదు. జుర్మానాల సంగతి కూడ ఇట్టిదే. 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టమే ఆ కాలపు జీతములో నూటికి మూడు రూపాయలకు మించి జుర్మానా వేయరాదని, వసూలైన దానిని పనివారి మేలుకే ఖర్చు చేయవలెనని కట్టడి చేసెను. త్రాగి వచ్చినందుకు వారము కూలి కోయు యజమాని ఆ రోజులలోనే చట్టము దాటెడివాడు.

అన్నిటికంటె చెడ్డది అడ్వాన్సు. త్రాగువాడు ఎప్పుడును అడుగును. యజమాని ఎప్పుడును ఇచ్చును. ఆవర్జాలో వాని పేర బాకీ పెరుగును. పెరిగినకొలది వాడు వేరొక చోటికి పోలేడు, కూలి పెంచుమని అడుగలేడు. ఇటుకబట్టీలలో, చెరకు నరుకు ముఠాలలో ఈ పద్ధతి బహిరంగము. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చిన తరువాత కూడ అప్పు పేరుతో మనిషిని పట్టియుంచుట ఆగలేదు. త్రాగుడు మానినవాడు మొదట చేయునది లెక్క అడుగుట. అందుచేత వాడు మానకుండుటయే లాభమని మనసులో ఏ మూలనో తోచు యజమాని ఉండవచ్చును. అట్టివాని నోటివెంట మద్యనిషేధ ఉపన్యాసము వినుట కష్టము. వ్యాపారము బాగుగా నున్న వీధిలో తన భవనమును అధికమైన అద్దెకు మద్యపు దుకాణమునకిచ్చి, సాయంత్రము తన పనివానిని అచ్చట చూచి కోపించువాడు కూడ ఈ కోవలోనివాడే. శ్రావకునకు నిషిద్ధమైన పదునైదు కర్మాదానములలో రసవాణిజ్యము, అనగా మద్యము మొదలగువాని వర్తకము, ఒకటి. అద్దె దానిలో చేరదని వాదించుటకు చాల తెలివి కావలెను. గుట్కా, ఖైనీ పొట్లములు అమ్ము కిరాణా వర్తకునకును ఇదే మాట చాలును.

ప్రభుత్వము నిషేధించిననాడు గదా ఇవన్నియు తీరును, అని కొందరందురు. నిషేధపు చరిత్ర దక్షిణాదివారికి తెలియనిది కాదు. 1937 అక్టోబరులో రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో దానిని మొదలిడినది. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రములో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధపు వివాదము మీదనే పడిపోయెను. తమిళనాడులో 1971లో నిషేధము ఎత్తివేసిరి. తరువాత ఎన్నో మలుపులు తిరిగి 2003లో ప్రభుత్వ సంస్థయే చిల్లరగా అమ్ముటకు దుకాణములు తెరిచెను. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేచి సారాయి వేలములను ఆపిన వృత్తాంతము మహనీయమైనది. దాని ఫలముగా ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారాయి, 1995లో సర్వ మద్యము నిషిద్ధమై, 1997లో మరల సడలెను. యానాములో మద్యము మీది పన్ను వేరు గనుక, చుట్టునున్న గోదావరి జిల్లానుండి త్రాగుటకే వచ్చువారిని ఆ ఊరివారు తరతరములుగా చూచుచున్నారు. రాజ్యాంగపు 47వ అధికరణము ఏమి చెప్పినను చట్టము వచ్చును, పోవును, ఎల్లకు అవతల వేరుగా నుండును. గిడ్డంగి వాకిలి మాత్రము యజమాని చేతిలోనే యుండును.

చికిత్స పొందివచ్చినవాడు మరల త్రాగినచో? చాలమంది ఒక్కసారైనను జారుదురని వైద్యులే చెప్పుదురు. కావున మొదటి జారుటను మోసముగా భావించరాదు, చికిత్సలో ఒక భాగముగా ఎంచవలెను. రెండవసారి కూడ ఆసుపత్రికి పంపుట సబబే. మూడవసారి, నాలుగవసారి? దీనికి శాస్త్రములో సంఖ్య లేదు, వర్తకుని శక్తికి మాత్రము హద్దు ఉన్నది. ఒకని కొరకు నలుగురి కూలి నిలిచిపోవు స్థితి వచ్చినపుడు విడిచిపెట్టుట తప్పు కాదు. ఎట్లు విడుచుననునది ప్రశ్న. రావలసిన కూలి, ప్రావిడెంటు ఫండు కాగితములు ఆ దినమే చేతికీయవలెను. ఇంటిలో పనికి తగిన వయసువారు ఉన్నచో వారిని అడిగి చూడవలెను. మానివచ్చిన నాడు మరల చేర్చుకొందునని చెప్పదలచినచో నిజముగా చేర్చుకొనునట్లైతేనే చెప్పవలెను. ఇక ఆవర్జాలో వాని పేర మిగిలిన అడ్వాన్సు బాకీ, ఎన్ని వేలైనను, వాని కన్నుల యెదుట గుమాస్తాచే కొట్టివేయించి పుట మూయించవలెను.